పెదవి వాళ్ళది... మాట ఎవరిది?

ఈ వారం ముందుగా మీకో చిన్న పరీక్ష. కాగితం, కలం అక్కర్లేదు. 'నాటు' అన్న మాటని హిందీలో చెప్పండి, చూద్దాం!

"ఓస్, ఇంతేనా!" అంటారు మీరు. మనకి నాటుకోడి ఉంది, నాటుసారా ఉంది, నాటుబాంబు కూడా ఉంది. హిందీవాళ్ళు వీటన్నిటికీ 'దేశీ' అని ఒకటే ముద్ర కొట్టేస్తారు. దేశీ ముర్గీ, దేశీ దారూ, దేశీ బమ్. కాబట్టి జవాబు 'దేశీ'. నూటికి నూరు మార్కులు!

బళ్ళో అయితే సరే. సినిమాలో మాత్రం ఆ జవాబుకి సున్నా. ఎందుకంటారా? 'ఆర్.ఆర్.ఆర్.' (2022) పాటని గుర్తు తెచ్చుకోండి. చంద్రబోస్ గారి రచన, కీరవాణి గారి బాణీ. 2021లో ఉక్రెయిన్ అధ్యక్ష భవనం ముందు ఎన్టీఆర్, రామ్ చరణ్ జోడుగా చిందేసిన పాట. 2023 మార్చిలో ఆస్కార్ కొట్టిన పాట. తెర మీద ఆ ఇద్దరి నోళ్ళూ 'నా' అని తెరుచుకుని, 'టు' దగ్గర గుండ్రంగా ముడుచుకుంటాయి. అక్కడ 'దేశీ' అని పాడిస్తే నోరొకటి, మాటొకటి! హిందీలో ఆ పాట 'నాచో నాచో' అయింది. మొదట్లో 'నా' ఉంది. చివర గుండ్రటి పెదవి ఉంది. దరువు ఎక్కడికీ పోలేదు. పోయిందల్లా అర్థమే! నాటు అంటే 'ఆడండి' అని కాదు గదా!

తమిళంలో 'నాట్టు కూత్తు' అన్నారు. ఊరి ఆట అన్న అర్థం దక్కింది. కన్నడంలో 'హళ్ళి నాటు' అన్నారు. హళ్ళి అంటే పల్లె. మలయాళంలో అసలా మాటే వదిలేసి 'కరింతోల్' అని ఎత్తుకున్నారు. ఒక్క మాట, నాలుగు రాష్ట్రాలు, నాలుగు రకాల బేరాలు. ఒకరు దరువు ఉంచుకుని అర్థం వదిలారు. ఒకరు అర్థం ఉంచుకుని అక్షరాలు పెంచారు. అన్నీ మోసుకుని అవతలి గట్టుకి చేరినవాడు మాత్రం ఒక్కడూ లేడు!

అనువాదం భాషలకి వంతెన అని మనం సభల్లో తెగ చెప్పుకుంటాం. బాగానే ఉంది. కానీ ఆ వంతెన మీద నడిచేవాడి నెత్తిన ఎంత బరువుందో, దారిలో ఏది దింపేశాడో చూసేవాళ్ళు తక్కువ. ఈ వారం అది చూద్దాం.

అద్దం ముందు నిలబడండి

నిజంగానే నిలబడండి. సిగ్గేం లేదు, తలుపు వేసుకోండి. తమిళంలో 'కాదల్' అనండి. మీ పెదవులు ఒక్కసారైనా కలిశాయా? లేదు. ఇప్పుడు తెలుగులో 'ప్రేమ' అనండి. 'ప' దగ్గర ఓసారి, 'మ' దగ్గర ఓసారి కలిశాయి! చూశారూ, సినిమా అన్నాక పదిసార్లు తగిలే మాటలోనే డబ్బింగు రచయితకి గండం. తమిళ కథానాయిక క్లోజప్పులో "ఉన్నై కాదలిక్కిరేన్" అంటుంది. పెదవులు అసలు కలవవు. "నిన్ను ప్రేమిస్తున్నాను" అని అచ్చంగా దించితే, తెర మీద తెరిచి ఉన్న నోట్లోంచి 'ప'కారం, 'మ'కారం ఊడిపడతాయి. నేలక్లాసులో ఈల పడుతుంది. అది మెచ్చుకునే ఈల కాదు సుమా!

అప్పుడేం చేయాలి? తెలివైన రచయిత 'ప్రేమ' అన్న మాటనే వదిలేస్తాడు. "నేనిక నీదాన్నే" అని రాస్తాడు. పలికి చూడండి, పెదవులు కలవవు. ప్రేమ అన్న మాట పోయింది, ప్రేమ మాత్రం ఉంది. డబ్బింగులో కిటుకంతా ఇదే.

ఇంకోటి. తమిళ పిల్లవాడు "అప్పా!" అని కేక వేస్తాడు. పెదవులు గట్టిగా కలిసి విడిపోతాయి. మనం "నాన్నా!" అంటాం. ఒక్కసారీ కలవవు. హిందీవాడు "మత్ జా" అంటే 'మ' దగ్గర పెదవి మూతపడుతుంది. అక్కడ "వెళ్ళకు" కన్నా "పోకు" నయం. 'హమ్' అంటే చివర నోరు మూతపడుతుంది. "నేను" పనికిరాదు, "మేం" అయితే అతుకుతుంది. పైగా మన తెలుగు మాటలు చాలామటుకు అచ్చుతో ముగుస్తాయి. తమిళం, హిందీ అలా కాదు, హల్లు దగ్గర టక్కున ఆగిపోతాయి. వాళ్ళ నోరు ఆగాక కూడా మన మాట ఇంకా సాగుతూనే ఉంటుంది, బ్రేకు పడని లారీలాగా!

ఈ లెక్కలన్నీ వేయడానికి పాతరోజుల్లో కంప్యూటర్లు లేవు. బొమ్మని చిన్న చిన్న ముక్కలు చేసి, మొదలూ చివరా అతికించి 'లూపు' కట్టేవారు. ఆ ముక్క తెర మీద తిరుగుతూనే ఉంటుంది. రచయిత ఆ పెదవులు చూస్తూ, అక్షరాలు లెక్కపెట్టుకుంటూ రాయాలి. ఆర్టిస్టు అదే ముక్కకి మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ఏడుపు సీనైతే అన్నిసార్లూ ఏడవాలి!

ఇదేదో చేతకానివాళ్ళు చేసే పని అనుకునేరు! 1950లో శ్రీశ్రీ 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది. అదే 1950లో 'ఆహుతి' అనే చిత్రం కూడా వచ్చింది. హిందీ 'నీరా ఔర్ నందా'కి అది తెలుగు రూపం. తెలుగులో తొలి డబ్బింగు చిత్రంగా దాన్నే లెక్కపెడతారు. మాటలు, పాటలు రాసింది ఎవరనుకున్నారు? శ్రీశ్రీయే! ఒక తరాన్ని ఊపేసిన కలమే ఇంకొకరి పెదవి కొలతకి మాటలు కుట్టింది. తర్వాత ఈ విద్యలో రాజశ్రీ గారు పండిపోయారు. 'రోజా' (1992) పాటల్ని తమిళంలో వైరముత్తు రాస్తే, తెలుగులో రాజశ్రీ, హిందీలో పి.కె. మిశ్రా రాశారు. రెహ్మాన్ బాణీ ఒకటే, కవులు ముగ్గురు. ఆ పాటలు డబ్బింగు పాటలని గుర్తుంచుకుని పాడుకున్న తెలుగువాడున్నాడా? అదీ పని చేసిన చేతి గొప్పతనం.

ఇంతకీ ఏ తెలుగు?

ఇక్కడ అసలు ప్రశ్న వస్తుంది. 'అప్పా'కి 'నాన్నా' అతకదు, సరే. కానీ తెలుగులో తండ్రికి 'నాన్న' ఒక్కటేనా మాట?

శామీర్‌పేట దాటి సిద్దిపేట, కరీంనగర్ దిక్కు పోతే 'బాపు' అంటారు. బా... పు... రెండుచోట్లా పెదవులు కలుస్తాయి! పాత తెలుగులో 'అబ్బ' అంటే తండ్రే. పాపం, ఆ మాట ఇప్పుడు తిట్లలో తప్ప పెద్దగా మిగల్లేదు. హైదరాబాదు ఉర్దూ ఇళ్ళల్లో మాత్రం 'అబ్బా' అని రోజూ పిలుచుకుంటూనే ఉన్నారు. తమిళ 'అప్పా'కీ ఈ 'అబ్బా'కీ పెదవి దగ్గర వెంట్రుకవాసి తేడా లేదు. అంటే రచయిత సంచిలో మాటలు తక్కువైతే పెదవి కుదరదు. సంచి పెద్దదైతే కుదురుతుంది. మన భాష సంచి నిజానికి చాలా పెద్దది. దాన్ని విప్పి చూసినవాళ్ళే తక్కువ.

చాలా ఏళ్ళు డబ్బింగు సినిమాల్లో ఒకే రకం తెలుగు వినిపించింది. హీరో మధురైవాడైనా, కొచ్చిన్‌వాడైనా, బొంబాయివాడైనా ఒకే తెలుగు. బెజవాడలో అలా మాట్లాడరు, నెల్లూరులో మాట్లాడరు, మేడ్చల్‌లో అసలే మాట్లాడరు. "ఏమిటి నువ్వనేది? నేను నమ్మలేకపోతున్నాను!" అని ఇంట్లో ఎవరైనా అంటే "డబ్బింగు డైలాగులు కొట్టకు" అని నవ్వుతాం. ఆ తెలుగుకి ఊరు లేదు!

కారణం లేకపోలేదు. పని జరిగేది మద్రాసులో. తెలుగు జిల్లాలన్నిటికీ ఒకటే ప్రింటు. శ్రీకాకుళంవాడికీ, ఆదిలాబాదువాడికీ, అనంతపురంవాడికీ అర్థం కావాలి. అందుకని ఎవరికీ అభ్యంతరం లేని తెలుగు తయారుచేశారు. వ్యాపారంగా అది తెలివైన పనే, ఒప్పుకోవాలి. కానీ దానివల్ల జరిగిందేమిటి? వంతెన ఆ చివర మధురైలోనో, మలబారులోనో ఓ వీధిలో మొదలవుతుంది. ఆ ఊరి మట్టి వాసనతో మొదలవుతుంది. ఈ చివర మాత్రం ఏ ఊళ్ళోనూ దిగదు. గాలిలో ఆగిపోతుంది. ప్రేక్షకుడే ఎగిరి అందుకోవాలి.

డబ్బింగునే ఎందుకు అనాలి! సూటి తెలుగు చిత్రాలూ చాలాకాలం ఇదే చేశాయి. తెలంగాణ మాట రౌడీకి ఇచ్చారు, లేకపోతే నవ్వించేవాడికి ఇచ్చారు. ప్రేమించేవాడికి, ఏడ్చే తల్లికి ఇవ్వలేదు. మేడ్చల్‌లో టిక్కెట్టు కొన్న కుర్రవాడు తన ఇంట్లో మాటలు తెర మీద తన్నులు తినేవాడి నోట్లోంచి వింటే, తన భాష మీద తనకే చిన్నచూపు కలుగుతుందా లేదా? ఆలోచించండి.

రెండు రోడ్ల కథ

ఇప్పుడు మిమ్మల్ని సికింద్రాబాదు నుంచి ఉత్తరంగా తీసుకుపోతాను. రెండు రోడ్లున్నాయి. ఒకటి కొంపల్లి, మేడ్చల్ మీదుగా నాగపూరు పోయే జాతీయ రహదారి. రెండోది తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి. ఈ రోడ్లమీద మీరు బస్సెక్కి వందసార్లు తిరిగి ఉంటారు. ఈ దారి పొడవునా సినిమా చరిత్ర ఎంతుందో తెలుసా?

తిరుమలగిరిలో 1934లో ఒక పిల్లవాడు పుట్టాడు. ఇంట్లో కొంకణి, వీధిలో తెలుగు, ఉర్దూ. ఆ పిల్లవాడే శ్యామ్ బెనెగల్. 1974లో తొలి చిత్రం 'అంకుర్' తీశాడు. హిందీ చిత్రమే, కానీ బొంబాయి స్టూడియో హిందీ కాదు. మన హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో వినిపించే దక్కనీ. అందులో పనిమనిషి లక్ష్మిగా వేసింది షబానా ఆజ్మీ, ఆమెకి అదే తొలి విడుదల. లక్ష్మి భర్త మూగ, చెవిటి. పేరు కిష్టయ్య. ఆ పేరు ఒక్కసారి మళ్ళీ చదవండి. కృష్ణయ్య కాదు, కృష్ణా కాదు, కిషన్ కాదు. కిష్టయ్య! దేశమంతా చూసే హిందీ చిత్రంలో తెలంగాణ పల్లె పిలుపు యథాతథంగా నిలబడింది. అర్థం కాలేదని ఢిల్లీలో ఎవరూ లేచిపోలేదు. షబానాకి ఆ పాత్రకే జాతీయ బహుమతి కూడా వచ్చింది. బెనెగల్ 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన పుట్టిన చోటు మీదుగానే శామీర్‌పేట బస్సు ఇప్పటికీ పోతోంది.

అదే రోడ్డు మీద శామీర్‌పేట దాటి ఇంకా ముందుకు పోండి. గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్ వస్తుంది. బి. నర్సింగరావు గారి ఊరు. 1979లో తయారైన 'మా భూమి' నిర్మాతల్లో ఆయన ఒకరు. ఈ చిత్రం పుట్టుక వింటే ముక్కున వేలేసుకుంటారు. కథ ఎక్కడిది? కిషన్ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల. తెలంగాణ రైతుల సాయుధ పోరాటం మీద రాసింది. దర్శకుడెవరు? గౌతమ్ ఘోష్, బెంగాలీ! తెలుగు ఆయన మాతృభాష కాదు. పైగా కథాచిత్రం తీయడం అదే మొదలు. తీసింది ఎక్కడ? మెదక్ జిల్లా మంగళపర్తిలో. అందులో పాట పాడుతూ తెర మీద కనిపించిందెవరు? గద్దర్! ఆయనది తూప్రాన్. మేడ్చల్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా పోతే వచ్చే ఊరు. చివరిదాకా ఉన్నది అల్వాల్‌లో, అంటే మళ్ళీ శామీర్‌పేట రోడ్డు మీద.

లెక్క చూడండి. ఉర్దూ నవల, బెంగాలీ దర్శకుడు, ప్రజ్ఞాపూర్ నిర్మాత, తూప్రాన్ గాయకుడు. ఇన్ని చేతులు మారినా 'మా భూమి'లో మాట మట్టి వాసన వేసింది. ఎందుకని? ఉర్దూ నవలని పుస్తకాల తెలుగులోకి దించలేదు గనక. ఎవరి కథో వాళ్ళ నోటికి తిరిగి ఇచ్చారు. తెలంగాణ రైతు గురించి ఉర్దూలో రాసిన కథ మళ్ళీ తెలంగాణ రైతు భాషలోకి చేరింది. వంతెన ఈ చివర ఒక ఊళ్ళో దిగింది. ఆ ఊరికి పేరుంది, పొలముంది, పాట ఉంది.

నేను చెప్పదల్చుకున్నది ఇంతే. అనువాదం మంచిదా కాదా అని చూసేటప్పుడు మనం అవతలి చివరే చూస్తాం. మూలానికి న్యాయం జరిగిందా, మాట మారిందా, అని. మంచిదే. కానీ ఇవతలి చివర కూడా చూడాలి. వచ్చినవాడు ఎవరింట్లో దిగాడు? ఏ ఊరి నీళ్ళు తాగాడు?

అనువాదమే లేని వంతెన

అన్నట్టు, అసలు అనువాదమే చేయకుండా నడిచిన చిత్రం కూడా ఒకటుంది. 1978లో వచ్చిన 'మరో చరిత్ర'. బాలచందర్ దర్శకత్వం, గణేష్ పాత్రో మాటలు, ఆత్రేయ పాటలు. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. కమల్ హాసన్, కొత్త పిల్ల సరిత. పక్కపక్క ఇళ్ళు, మధ్యన భాష అనే గోడ. ఏడాదిపాటు విడిగా ఉండి చూపించండి అని పెద్దల షరతు. విశాఖ సముద్రం సాక్షి. ముగింపు తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

అందులో ఓ ముచ్చట ఉంది. తెలుగు రాని ఆ కుర్రవాడు తన మనసులో మాట చెప్పడానికి తెలుగు సినిమా పేర్లు ఏరుకుని పాటగా అల్లి పాడతాడు. వ్యాకరణం రాదు, విభక్తులు రావు. సినిమా పేర్లు వచ్చు! అది చాలింది. మీరూ నేనూ తమిళం, మలయాళం నేర్చుకున్నది ఇలాగే గదా. ముందు పాట, తర్వాత హీరో పేరు, తర్వాత ఓ తిట్టు, చివరికెప్పుడో అర్థం!

ఆ తెలుగు చిత్రాన్ని తమిళులకి తమిళంలో చెప్పలేదు. తెలుగులోనే వేశారు. మద్రాసు సఫైర్ థియేటరులో 596 రోజులు ఆడింది! ఇప్పుడా థియేటరు లేదు, ఆ మాట మాత్రం చెప్పుకుంటూనే ఉన్నారు. దాన్నే బాలచందర్ 1981లో హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా తీశారు. అక్కడా కమల్ తమిళుడే, అమ్మాయి మాత్రం హిందీ అమ్మాయి అయింది. అంటే కథని హిందీలోకి మారుస్తూ తెలుగు ఊరిని అలాగే పట్టుకు కూర్చోలేదు. గోడకి ఇవతలి ఇల్లు మార్చారు. భాష రెండో చివర ఎవరున్నారో వాళ్ళకోసం కొత్త ఇల్లు కట్టారు. తెలివి ఇదీ!

గొంతు అరువిచ్చినవాళ్ళు

మాట రాసినవాడి సంగతి చెప్పుకున్నాం. పలికినవాడో? తెలుగువాళ్ళకి కమల్ హాసన్ గొంతు అంటే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు. తమిళ 'మన్మథ లీలై' (1976) తెలుగు రూపంతో మొదలైన బంధం అది. 'దశావతారం' (2008) తెలుగులో కమల్ పది వేషాలకి గాను ఏడింటికి ఆయనే చెప్పారు. అందులో ముసలమ్మ కూడా ఉంది! రిచర్డ్ అటెన్‌బరో 'గాంధీ' (1982) తెలుగులో వచ్చినప్పుడు బెన్ కింగ్‌స్లీకి గొంతిచ్చిందీ ఆయనే. ఇంగ్లీషు నటుడు, గుజరాతీ మహాత్ముడు, నెల్లూరు గొంతు. అయినా గాంధీజీ మనవాడే అనిపించాడు.

ఇప్పుడు బండి రెండోవైపు కూడా నడుస్తోంది. 'బాహుబలి'లో ప్రభాస్‌కి హిందీ గొంతు శరద్ కేల్కర్. 'పుష్ప' (2021)లో అల్లు అర్జున్‌కి హిందీ గొంతు శ్రేయస్ తల్పడే. మేడ్చల్ పారిశ్రామికవాడలో బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్ళు బోలెడంత మంది ఉన్నారు. ఆ కుర్రాడి పుష్పరాజు తల్పడే గొంతుతో మాట్లాడతాడు. పక్క మిషను మీద పనిచేసే తెలుగు కుర్రాడి పుష్పరాజు చిత్తూరు యాసలో మాట్లాడతాడు. గొంతులు వేరు, మాటలు వేరు. గడ్డం కింద చెయ్యి పోనిచ్చే తీరు మాత్రం ఇద్దరిదీ ఒకటే! వాళ్ళిద్దరికీ స్నేహం కలపడానికి ఆ మాత్రం చాలు. కానీ ఆ మధ్యలో నిలబడి మాట రాసినవాడి పేరు, గొంతిచ్చినవాడి పేరు మనలో ఎంతమందికి తెలుసు? పేర్లు పడే వేళకి మనం పాప్‌కార్న్ దగ్గరో, గేటు దగ్గరో ఉంటాం. ఈసారి రెండు నిమిషాలు కూర్చుని చదవండి. ఖర్చేం కాదు.

గాలి మారుతోంది

మంచి మాట కూడా చెప్పుకోవాలి. మేడ్చల్ రోడ్డు మీద కామారెడ్డిదాకా పోయి ఎడమకి తిరిగితే బాన్సువాడ. 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా' అక్కడి కథే. పేరు చూశారా, ఉర్దూ మాట! ఆ మాటకి తెలుగు చెప్పమని ఏ తెలుగువాడూ అడగలేదు. కథానాయిక సాయిపల్లవిది నీలగిరి కొండల్లో బడగ కుటుంబం. తెలుగు ఆమెకి పరాయి భాష. అందులోనూ తెలంగాణ తెలుగు! ఎవరి గొంతూ అరువు తెచ్చుకోకుండా తానే డబ్బింగు చెప్పుకుంది. భానుమతి ప్రేమించింది, పోట్లాడింది, ఏడ్చింది. అంతా తెలంగాణ మాటల్లోనే. నవ్వించడానికి కాదు, రౌడీయిజానికి కాదు. చూశారా, కొండల మీది పిల్లకి వచ్చింది, ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో!

ఇంకో తమాషా. 2024లో 'ప్రేమలు' అని మలయాళ చిత్రం వచ్చింది. కేరళ కుర్రాళ్ళు హైదరాబాదు వచ్చి ప్రేమలో పడే కథ. మన ఊరు మలయాళంలో మాట్లాడి, తెలుగు మాటలతో మళ్ళీ మన ఊరికే వచ్చింది! తెలుగు మాటలు ఆదిత్య హాసన్ రాశారు. హాస్య చిత్రం డబ్బింగు ఎంత కష్టమో రాసినవాళ్ళనే అడగాలి. ఏడుపు నది దాటుతుంది, నవ్వు దాటదు. మలయాళ జోకుని తెలుగులో వివరిస్తే అది జోకు కాదు, పాఠం. అక్కడ నవ్విన చోటే ఇక్కడా నవ్వాలంటే కొత్త జోకు పుట్టించాలి. కుర్రకారు హాల్లో పగలబడి నవ్వారంటే, ఆ తెలుగు వాళ్ళ క్యాంటీను తెలుగు అయింది గనకే.

ఇప్పుడొక కొత్త అతిథి వచ్చాడు. యంత్రం! తెర మీది పెదవులనే మాటకి తగ్గట్టు కదిలించే విద్య వచ్చేసింది. డెబ్భై ఏళ్ళు మాట పెదవికి దాసోహం అంది. ఇకమీదట పెదవే మాట వెంట వస్తుందట. బాగుంది. అయితే ఒకటి గమనించారా? ఇన్నాళ్ళూ "పెదవి కుదరలేదండీ, అందుకే ఈ మాట పెట్టాం" అనే సాకు ఒకటుండేది. ఆ సాకు ఇక చెల్లదు. ఏ మాట కావాలంటే ఆ మాట పెట్టుకోవచ్చు. అప్పుడు మిగిలే ప్రశ్న ఒక్కటే. ఏ తెలుగు? ఎవరి తెలుగు? అది యంత్రానికి తెలియదు. దానికి మనం ఏది నేర్పితే అదే పలుకుతుంది. ఊరు లేని తెలుగే నేర్పితే ఊరు లేని తెలుగే శాశ్వతమైపోతుంది, ఇంకా నున్నగా, పెదవి కూడా అతికి!

అందుకే ఈ మాటలు మీకు చెబుతున్నాను. ముఖ్యంగా ఆ రెండు రోడ్ల మీద ఉన్న మీకు. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి దేశం నలుమూలల నుంచీ పిల్లలు వస్తున్నారు. హకీంపేట వైమానిక దళం ఇళ్ళల్లో పంజాబీ నుంచి మలయాళం దాకా వినిపిస్తుంది. మేడ్చల్ టీ బంకు దగ్గర అరగంట నిలబడితే తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా, మరాఠీ చెవిన పడతాయి. 'జర ఆగు', 'షురూ జెయ్', 'పరేషాన్ గాకు' అని మీరు ఇంట్లో అనే మాటల్లోనే రెండు భాషలు కాపురం చేస్తున్నాయి. మీకు తెలియకుండానే మీరు పుట్టు అనువాదకులు. తాతకి ఆసుపత్రిలో డాక్టరు హిందీ చెప్పి, డాక్టరుకి తాత తెలుగు చెప్పిన పిల్లలు మీలో ఎంతమంది లేరు? అంతకంటే మంచి శిక్షణ ఏ కాలేజీలో ఉంది! ఆ పని గౌరవమైందనీ, దానిమీద బతకొచ్చనీ, అందులో మీ ఇంటి తెలుగుకి చోటుందనీ మీకు ఎవరో ఒకరు చెప్పాలి. నేను చెబుతున్నాను.

సరే, పరీక్షతో మొదలుపెట్టాం కాబట్టి ఇంటికి కూడా ఒక లెక్క ఇచ్చి పంపిస్తాను. శామీర్‌పేట రోడ్డు పట్టుకుని సిద్దిపేట మీదుగా సిరిసిల్ల దిక్కు పోతే 'బలగం' కథ జరిగిన నేల వస్తుంది. 2023లో వేణు ఎల్దండి తీసిన చిత్రం. ఊళ్ళల్లో తెరలు కట్టుకుని, జనం నేల మీద కూర్చుని చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఇప్పుడు ఆ ఒక్క మాటని మీ పక్కింటి హిందీ అబ్బాయికో, మీ హాస్టలు తమిళ అమ్మాయికో చెప్పండి. 'పరివార్' అంటే ఇంట్లోవాళ్ళు మాత్రమే వస్తారు. 'రిష్తేదార్' అంటే చుట్టాలే వస్తారు. 'తాకత్' అంటే బలం వస్తుంది, మనుషులు రారు. మనుషులే బలం అన్నది ఒక్క మాటలో ఎలా చెబుతారు?

కుదిరిందనుకోండి, నాకు రాసి పంపండి. కుదరలేదనుకోండి, ఆ అబ్బాయిని మీ ఇంటికి భోజనానికి పిలవండి. మీ బలగాన్ని చూపించండి. కొన్ని మాటలకి అదొక్కటే డబ్బింగు!